తలుపు వెనక గీతలు

"ఊఁ, కానీ. నాకు బస్సు టైమవుతోంది" అన్నాడు ఆయన, చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీస్తూ.

ఆమె వంటగది గుమ్మం పక్కన గోడకి ఎదురుగా నిలబడి కుడిచేతి వేళ్ళు గోడకి ఆనించింది. చూపుడువేలు, దాని వెనక మధ్యవేలు, మళ్ళీ చూపుడువేలు, అలా చీమ పాకినట్టు పైకి పాకించాలి. ఆసుపత్రిలో కసరత్తులు నేర్పిన అమ్మాయి అలాగే చెప్పింది. "చీమ నడక అనుకోండి ఆంటీ, రోజూ నిన్నటికంటే కాస్త పైకి." నడుము దగ్గర బయల్దేరిన వేళ్ళు ఛాతీ దాకా వచ్చాయి, 'పొయ్యి' అని రాసి ఉన్న గీత దాటాయి, భుజం ఎత్తుకి వచ్చి, ఇంకో బెత్తెడు పోయి ఆగాయి.

"అమ్మా" అంది ఆమె.

"అంతేనా?"

"అంతే. చంకలో లాగుతోంది."

ఆయన ఆమె వేలికొస దగ్గర గీత గీసి పక్కన తేదీ వేశాడు. రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూసుకున్నాడు. "ఇరవై రోజులుగా ఇక్కడిక్కడే తిరుగుతోంది. మా ఫ్యాక్టరీలో ఏ మిషనన్నా ఇరవై రోజులు ఒకే చోట ఆగితే విప్పి పక్కన పడేస్తాం తెలుసా" అని నవ్వాడు. జోకు వేశాననుకున్నాడు పాపం. విప్పి పక్కన పడెయ్యడమనే మాట ఈ ఇంట్లో కొన్నాళ్ళు వాడకుండా ఉంటే బాగుంటుందని ఆయనకి తట్టదు. టిఫిన్ బాక్సు సంచీలో పెట్టుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వెనకే అత్తగారు ఉతికిన బట్టల బకెట్టు నేల మీద ఈడ్చుకుంటూ పడకగదిలోంచి బాల్కనీలోకి వెళ్ళారు. ఆ ఈడ్పుడు చప్పుడు ఆమె ఒంట్లోంచి వెళ్ళినట్టే ఉంది.

ఎందుకంటే ఆ గీత అబద్ధం. ఆమె చెయ్యి ఇంకో మూరెడు పైకి వెళ్తుంది.

గోడ మీద గీతలు పెట్టాలన్నది ఆయన ఆలోచన. సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. గంటకెన్ని వచ్చాయి, ఎన్ని పగిలాయి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంత, ఇవి రాసుకోకపోతే ఆయనకి తిన్నదరగదు. ఆసుపత్రిలో వారం రోజులూ ఆయన ఆమె మంచం దగ్గర్నుంచి కదల్లేదు. ఆ మాట నిజం, దాచాల్సిన పని లేదు. గాయంలోంచి నీరు దిగడానికి ఒక గొట్టం, దాని చివర చిన్న సీసా పెట్టారు. ఆ సీసాలో పూటకి ఎంత దిగిందో నర్సుకంటే ముందు ఆయనే చూసి కాగితం మీద రాసేవాడు. సీసా వైపు ఎంత శ్రద్ధగా చూసేవాడో చెప్పలేం. గొట్టం రెండో కొస ఎక్కడుందో అటు మాత్రం చూసేవాడు కాదు.

ఇంటికొచ్చిన వారానికి టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాడు. కుళాయి ఎంత ఎత్తు, పొయ్యి ఎంత ఎత్తు, వంటగదిలో మొదటి అర, బాల్కనీలో బట్టల తీగ, అన్నిటికంటే పైన పై అర. ఆ ఎత్తులన్నీ గుమ్మం పక్క గోడ మీద పెన్సిలుతో గీసి, పక్కన పేర్లు రాశాడు. "ఇదిగో, ఇవీ నీ టార్గెట్లు. ఒక్కోటి దాటుకుంటూ పోతే నీకూ హుషారుగా ఉంటుంది" అన్నాడు. హుషారుగానే ఉంది మొదట్లో. కుళాయి దాటిన రోజు ముగ్గురూ సంతోషించారు. ఆ సాయంత్రం సింకులో గిన్నెలు ఆమె కోసం ఆగి ఉన్నాయి. పొయ్యి దాటిన రోజు ఆయన స్వీట్లు తెచ్చాడు. మర్నాడు పొద్దున్నే అత్తగారు గరిటె ఆమె చేతిలో పెట్టి, కుర్చీలో కూలబడి, "అమ్మయ్య" అన్నారు. పని చెయ్యమని ఎవరూ నోరు తెరిచి అనలేదు, అదే ఇందులో విచిత్రం. గోడే చెప్పేది. చెయ్యి ఎక్కడిదాకా వెళ్తే అక్కడి పని దానిదే.

మొదటి అర గీతకి నాలుగు వేళ్ళ దూరంలో ఒకరోజు నిజంగానే నొప్పి పుట్టింది. కళ్ళు తిరిగినంత నొప్పి. "అమ్మా" అంది. మర్నాటికి ఆ నొప్పి లేదు. వేళ్ళు పాకుతూ అక్కడికొచ్చాయి, ఇంకా పైకి పోగలవు, పోబోతున్నాయి కూడా, ఆమె నోరు మాత్రం "అమ్మా" అనేసింది. తనే తెల్లబోయింది. అత్తగారు వెంటనే "కూర్చో అమ్మాయ్, నేను చూసుకుంటాలే" అన్నారు. కూర్చో, నేను చూసుకుంటాలే. పెళ్ళై పద్దెనిమిదేళ్ళు. జ్వరమొస్తే "మాత్ర వేసుకున్నావా" అన్నారు. కూతుర్ని కన్నప్పుడు "మా రోజుల్లో మూడో నాటికే లేచి తిరిగేవాళ్ళం" అన్నారు. ఎప్పుడో నడుం పట్టేస్తే "బడిలో కూర్చునే ఉద్యోగమేగా, ఎందుకొస్తుంది నొప్పి" అన్నాడు ఆయన, నిజంగా అర్థంకాకే అడిగాడు. కూర్చోమన్న మాట చెవిన పడ్డానికి ఇన్నేళ్ళు పట్టింది, ఒక రొమ్ము పోవాల్సి వచ్చింది. అంత ఖరీదు పెట్టి తెచ్చుకున్న మాటని నాలుగు వేళ్ళ ఎత్తు కోసం వదులుకోబుద్ధి కాలేదు ఆమెకి.

ఆ తర్వాత రోజూ అక్కడే "అమ్మా".

తను వదిలేసిన పని ఎక్కడికి పోతోందో ఆమెకి తెలియక కాదు. పని గాల్లో కలిసిపోదు. ఆయన మీదకి వెళ్తుందేమోనని మొదట్లో కాస్త ఆశపడింది. అది ఆయన పక్కనుంచి మర్యాదగా తప్పుకుని, తిన్నగా వెళ్ళి అరవై ఎనిమిదేళ్ళ అత్తగారి మీద పడింది. ఆవిడ గట్టిమనిషి, ఇన్నాళ్ళూ తనమీద పెత్తనం చేసింది, నాలుగు రోజులు చేస్తే అరిగిపోదు, అని ఆమె తనకి తాను చెప్పుకుంది. చెప్పుకున్నంత తేలిగ్గా మింగుడుపడలేదు. పైగా ఆవిడ ఆరేసిన బట్టలు సగం కింద పడి ఉండేవి. దులిపి చూస్తే మట్టి. తీగ మీద ఉన్నవైనా ముద్దలు ముద్దలుగా, ఎవరో దూరంనుంచి విసిరేసినట్టు. కావాలనే చేస్తోంది, నాకు సూటిపోటిగా చెప్తోంది, అనుకుంది ఆమె, పళ్ళు కొరుక్కుంటూ.

పొద్దున్న ఆయన వెళ్ళాక, బడికి తయారయ్యే ముందు, ఆమె పడకగదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. గాయానికి నూనె రాసుకునే వేళ అది. ఆయన ఇంట్లో ఉన్నా ఆ వేళకి ఆ గదిలోకి రాడు. ఆసుపత్రినుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ముందుగదిలో పడుకుంటున్నాడు. "నిద్రలో నా చెయ్యి తగుల్తుందేమో" అన్నాడు. మూడో నెల నడుస్తోంది. గాయం మానింది, డాక్టరు సరేనంది, గడ్డ చిన్నదిగా ఉండగానే దొరికింది కాబట్టి ఇక మాత్రలు మింగుతూ ఉంటే చాలంది. ఆయన పక్క మాత్రం ముందుగదిలోనే ఉండిపోయింది. ఒకసారి ఏదో తీసుకోడానికి తలుపు తోసి, ఆమె జాకెట్టు లేకుండా ఉండటం చూసి, "ఓ, సారీ" అన్నాడు. పరాయి ఆడదాని గదిలోకి పొరపాటున వచ్చినట్టు. చూపు నేల మీదే ఉంది. ఆ సారీని ఆమె మర్చిపోలేదు.

తలుపు తీసి ఉన్నప్పుడు దాని రెక్క గోడకి ఆనుకుంటుంది. మూస్తేనే ఆ గోడ బయటపడేది. అక్కడ, బడినుంచి తెచ్చుకున్న సుద్దముక్కతో, ఆమె అసలు గీతలు గీసుకునేది. వంటగది గీతలకి పేర్లున్నాయి, వీటికి లేవు. ఒక్కో గీతా ఉత్త ఎత్తు, అంతే. దేనికి అందుతుందన్న ప్రశ్న లేదు. వేళ్ళు పాకుతున్నప్పుడు చంకలోంచి మోచేతి దాకా తాడు బిగించినట్టుండేది, ఊపిరి బిగబట్టేది, ఇంకొక్క అడుగు, చీమా, ఇంకొక్కటి, అని లోపల్లోపల బతిమాలుకునేది. నిన్నటి గీత దాటాక నుదురు గోడకి ఆనించి కాసేపు నిలబడేది.

ఆ గదిలో ఆమె ఒక్కతే ఉండేది కాదు. అది ఎవరికీ చెప్పలేదు. చెయ్యి లోపలి వైపు చర్మం మొద్దుబారింది, తాకితే ఎవరిదో చేతిని తాకినట్టుంటుంది, ఆ ఎవరో కూడా గదిలో ఉన్నట్టే. లేని చోట దురద పుట్టేది. చెయ్యి వెళ్ళి చూస్తే చదును, గట్టి గీత, ఎముక. దురద మాత్రం కొంచెం ముందుకి, గాల్లో, మునుపు ఉన్న చోట. అక్కడ ఎలా గోకాలి? పక్క వాటాలో పసిబిడ్డ ఉంది. అది గుక్కపట్టి ఏడ్చినప్పుడు రెండు వైపులా పాలు చేపినట్టు జివ్వుమనేది. ఉన్న వైపు సరే. లేని వైపు ఇంకా ఎక్కువ. కూతురు పాలు మానేసి పదమూడేళ్ళయింది, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అయినా ఎక్కడో ఏ బకెట్లోనో పారేసిన ముక్కకి ఆ ఏడుపు ఎలా వినపడుతోందో, ఎందుకు పిలిచిందానికల్లా పలుకుతోందో. పోయినదానిక్కూడా ఈ ఇంటి అలవాటు పోలేదు, అనుకుని ఆమెకి నవ్వు, దాని వెనకే ఏడుపు వచ్చేవి.

బడిలో కథ వేరు. ఆమె లెక్కల టీచరు. మళ్ళీ చేరిన రోజు హెడ్మాస్టరు ఆమె తల పైన గోడ గడియారాన్ని చూస్తూ, "కొన్నాళ్ళు లైబ్రరీ చూసుకోండి మేడమ్, క్లాసులు శ్రమ కదా" అన్నాడు. శ్రమేం లేదండి అంది. సైన్సు టీచరు స్టాఫ్‌రూమ్‌లో దగ్గరికొచ్చి, "అస్సలు తెలీడం లేదు, ఒట్టు" అని చెవిలో చెప్పింది. ఏది తెలీడం లేదో అది తెలుసుకోడానికే కదా అంతసేపు చూసింది. లోపల పెట్టుకున్న దూది దిండు మధ్యాహ్నానికి పక్కకి జరిగేది. పుస్తకం అడ్డంపెట్టుకుని సర్దుకోడం నేర్చుకుంది.

బోర్డు పై సగం అందేది కాదు. కింది సగంలోనే రాసేది. వెనక బెంచీల పిల్లలు లేచి నిలబడి, మెడలు సాచి చూసేవాళ్ళు. ఒకరోజు ఆఖరి బెంచీలోంచి పొడుగ్గా ఉన్న అమ్మాయి ఒకతె అడక్కుండానే వచ్చి, సుద్దముక్క అందుకుని, "మీరు చెప్పండి టీచర్, పైన నేను రాస్తా" అంది. రోజూ అలాగే వచ్చి పక్కన నిలబడేది. మొన్న సోమవారం ఆమె మాటల్లో పడి, లెక్క చేస్తూ చేస్తూ, చూసుకోకుండా బోర్డు పై అంచు దాకా వెళ్ళిపోయింది. తేదీ వేసే మూల కూడా అందింది. వెనక్కి తిరిగితే పొడుగమ్మాయి సగం దూరం వచ్చి ఆగి ఉంది. ఒక్క నవ్వు నవ్వి వెళ్ళి తన బెంచీలో కూర్చుంది. బడిలో ఈ చెయ్యి ఎత్తితే ఒక పిల్ల హాయిగా కూర్చుంటుంది. ఇంట్లో ఎత్తితే తను కూర్చోడం పోతుంది. ఒకే చెయ్యి, పగలు ఒక మనిషిదీ ఇంటికెళ్ళగానే ఇంకో మనిషిదీ అవుతోంది. ఇలా రోజుకి రెండుసార్లు మనిషి మారడం మంచిది కాదని, ఏదో ఒకనాడు చెయ్యి తికమకపడి అబద్ధాన్నే నమ్ముకుంటుందని ఆమెకి భయం పట్టుకుంది. కసరత్తుల అమ్మాయి ముందే చెప్పింది. "నొప్పికి భయపడి ఆపేశారనుకోండి, భుజం అక్కడే బిగుసుకుపోతుంది. తర్వాత ఎవరూ ఏం చెయ్యలేరు."

ఆ మర్నాడు పొద్దున్న తలుపేసి చూస్తే గోడ మీద తను గియ్యని గీతలున్నాయి.

తన గీతలకి ఎడం పక్కన, బాగా కింద. మూడు. వంకరగా, వణికినట్టు. పై గీత తన ఛాతీ ఎత్తుకి కూడా రాదు. మొదట ఆయనే అనుకుంది, దొరికిపోయాననుకుంది. కానీ ఆయన గీత స్కేలు పెట్టినట్టుంటుంది, తేదీ లేకుండా గియ్యడు. మరి నేనేనా? నొప్పి మాత్రలు వేసుకున్న మగతలో లేచి గీసుకున్నానా? చెయ్యి కిందకి దిగిపోతోందా? ఎప్పట్నుంచో లోపల తొక్కిపెట్టి ఉంచిన ఊహ అప్పుడు పైకొచ్చింది. ఆ జబ్బు పూర్తిగా పోలేదు. లోపలెక్కడో మిగిలి ఉంది. తనలాగే, తన పక్కనే, తలుపు వెనక చేరి, అది కూడా రోజుకింత ఎదుగుతూ ఆ ఎదుగుదల గీసుకుంటోంది. లెక్కలు చెప్పేదానికి ఇలాంటి ఆలోచనేమిటని తనని తాను తిట్టుకుంది. తిట్టుకుంటూనే ఆ గీతలు మళ్ళీ లెక్కపెట్టింది. బుధవారం నాలుగో గీత వచ్చింది, మూడోదానికి అంగుళం పైన. గురువారం అక్కడే ఆగింది. శుక్రవారం కాస్త కిందకి దిగింది. ఆమె అన్నం సరిగా తినలేదు. ఆయన, "ఏం, మళ్ళీ ఏమన్నా..." అని, వాక్యం పూర్తిచెయ్యకుండా టీవీ వైపు తిరిగాడు.

శనివారం ఒంటిపూట బడి. ఇంటికి త్వరగా వచ్చేసింది. ముందుగదిలో ఎవరూ లేరు. పడకగది తలుపు మూసి ఉంది. తలుపు అవతల ఎవరో పళ్ళ బిగువున మూలుగుతున్నారు. "అమ్మా... అమ్మా..." తను రోజూ వంటగది గోడ దగ్గర అనే మాటే. కాకపోతే ఇది నిజం. నటించేవాళ్ళకి నిజమైనది ఇట్టే తెలిసిపోతుంది. తలుపు మెల్లిగా తోసింది.

అత్తగారు. గోడకి మొహం పెట్టి, ఎడంచేత్తో కుడి మోచేతిని కిందనుంచి పైకి నెడుతున్నారు. కుడిచేతి వేళ్ళు సుద్దగీత దగ్గర గిలగిల్లాడుతున్నాయి. చెంపల మీద నీళ్ళు.

"అత్తయ్యా!"

ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి వదిలేశారు. అది బరువుగా కిందికి జారింది. దొంగతనం చేస్తూ దొరికినట్టు కొంగుతో గీతలు తుడవబోయారు. ఆమె ఆపింది.

"చేతికేమైంది?"

"ఏం కాలేదు. బిగుసుకుపోయింది."

"ఎప్పట్నుంచి?"

"నాలుగేళ్ళయింది. పై అర మీంచి పెద్ద గంగాళం దించుతుంటే కలుక్కుమంది. తగ్గిపోతుందిలే అనుకున్నా."

"నాలుగేళ్ళా! మరి తీగ మీద బట్టలు ఎలా..."

"ఎడంచేత్తో విసురుతా" అన్నారు అత్తగారు మంచం మీద కూర్చుంటూ. "పడేవి పడతాయి. పడనివి కిందే ఉంటాయి. అవి నువ్వొచ్చి దులుపుకుంటావు, నన్ను తిట్టుకుంటావు. తెలుసులే."

ఆమె పక్కన కూర్చుంది. ఇరవై రోజులుగా తను దాచుకున్న ఎత్తు ఏ చేతి మీద పడిందో ఇప్పుడు కళ్ళెదురుగా ఉంది. ఆవిడ ఒళ్ళో అరచెయ్యి తిరగేసి పడి ఉంది, ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా.

"చెప్పొచ్చుగా అత్తయ్యా."

"ఎవరికి? వాడికి చెప్తే 'అయ్యో' అంటాడు. అని నీ వైపు చూస్తాడు. నీకు అప్పటికే రెండు ఉద్యోగాలు." ఆవిడ ఎడంచేత్తో చెంపలు తుడుచుకున్నారు. "నీ గీతలు చూశానమ్మాయ్. బట్టలారేసి వస్తూ, బాల్కనీ గాలికి తలుపు మూసుకుపోతే కనబడ్డాయి. వంటగది గోడ మీద ఒక ఎత్తు, ఇక్కడ ఇంకో ఎత్తు. మొదట ఒళ్ళు మండింది, అబద్ధమెందుకు. నన్నింత చాకిరీకి పెట్టి ఇది నాటకమాడుతోందా అనుకున్నా. వాడొచ్చాక చెప్పేద్దామని ముందుగదిలో కాచుకుని కూర్చున్నా."

"మరి చెప్పలేదే?"

"వాడొచ్చాడు, చెప్పులు విప్పాడు, మంచినీళ్ళన్నాడు. లేచి తెచ్చిచ్చా. అప్పుడనిపించింది." అత్తగారు తలుపు వైపు చూశారు. "నాకు నీ వయసులో వేసుకోడానికి ఒక తలుపు కూడా దొరకలేదే అనిపించింది. దొరికితే నేనూ ఇదే చేసేదాన్ని. అందుకే నీ సుద్దముక్క తీసుకున్నా. చూద్దాం, ఎత్తితే ఎంత లేస్తుందో అని."

పక్క వాటాలో బిడ్డ ఏడుపు ఎత్తుకుంది. ఆమె చెయ్యి అలవాటుగా లేని వైపుకి వెళ్ళింది. అత్తగారు చూశారు.

"అక్కడ ఇంకా ఉన్నట్టుంటుందా?"

ఇన్ని నెలల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. డాక్టరు కూడా.

"ఉంటుంది" అంది ఆమె. ఆ ఒక్క మాటతో ఏడుపు తన్నుకొచ్చింది. అత్తగారు లేచే చేత్తో, ఎడంచేత్తో, ఆమె వీపు రాస్తూ కూర్చున్నారు. ఊరుకో అనలేదు.

మర్నాడు ఆదివారం. ఆయన తీరిగ్గా పేపరు చదివి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని వంటగది గుమ్మం దగ్గరికొచ్చాడు. "రా మరి, ఇవాళన్నా కదుల్తుందేమో చూద్దాం." ఉతికిన బట్టల బకెట్టు పక్కనే ఉంది. మూడు దుప్పట్లు, ఆయన చొక్కాలు. అత్తగారు కుర్చీలో ఉన్నారు.

ఆమె గోడకి ఎదురుగా నిలబడింది. ఇప్పుడు పైకెళ్ళిందంటే మళ్ళీ దాచుకోడానికి ఏమీ ఉండదు. కూర్చో అనే మాట ఇంక వినపడకపోవచ్చు. తెలిసే వేళ్ళు ఆనించింది. చీమ బయల్దేరింది. పొయ్యి దాటింది. ఇరవై రోజుల గీతలు ఒకదాని మీద ఒకటి ముద్దగా ఉన్న చోటు దాటింది. మొదటి అర దాటింది. తీగ దగ్గర నిజంగానే లాగింది, ఆమె అమ్మా అనలేదు. తీగ దాటి రెండంగుళాల మీద ఆగింది.

"అరే! అరే!" ఆయన మొహం విప్పారింది. నిజంగా సంతోషించాడు, కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. గబగబా గీత గీశాడు. "చూశావా అమ్మా! ఒక్కరోజులో! నేను చెప్పలా, పట్టుదల ఉండాలంతే. ఇంక అంతా మామూలే." ఆయన చూపు ఆమెనుంచి జారి, తనకి తెలియకుండానే, బకెట్టు మీదకి వెళ్ళింది.

ఆ చూపు అత్తాకోడళ్ళిద్దరూ చూశారు.

"పెన్సిలివ్వండి" అంది ఆమె. "అత్తయ్యా, మీరు రండి."

అత్తగారు లేచి వచ్చి గోడకి ఎదురుగా నిలబడ్డారు. ఎడంచెయ్యి సాయం పట్టలేదు ఈసారి. కుడిచేతి వేళ్ళు కుళాయి గీత దాటి, పొయ్యి గీతకి రెండంగుళాల కింద ఆగి, వణికాయి. ఆమె అక్కడ గీసి తేదీ వేసింది.

"అమ్మా, ఏంటిది, తమాషానా?"

"తమాషా కాదురా. నాలుగేళ్ళుగా ఇంతే."

"మరి నాకెవరూ చెప్పలేదేం?"

"ఇప్పుడు మీరు" అంది ఆమె.

"నేనెందుకు? నా చేతికేమైంది?"

"నిలబడండి. మడమలు లేపకూడదు."

ఆయన ఇబ్బందిగా నవ్వి నిలబడ్డాడు. వేళ్ళు పాకించాల్సిన అవసరం ఆయనకి లేదు. చెయ్యి ఒక్కసారి ఎత్తాడు, అంతే. కుళాయి, పొయ్యి, మొదటి అర, తీగ, పై అర, అన్నీ దాటి, ఏ పేరూ లేని చోట గోడకి ఆనింది. ఆమె కుర్చీ లాక్కుని ఎక్కి ఆ వేలికొస దగ్గర గీత గీసింది. దిగి, ఆయనలాగే రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూసింది.

"ఈ ఇంట్లో అన్నిటికీ అందే చెయ్యి ఇదొక్కటే" అంది. "దీనికి ఏ జబ్బూ లేదు."

ఆయన ఏదో అనబోయాడు. "నేను ఫ్యాక్టరీకి..."

"ఇవాళ ఆదివారం" అన్నారు అత్తగారు, మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చుంటూ.

ఆయన గోడ వంక చూస్తూ ఉండిపోయాడు. అంకెలు తెలిసిన మనిషి. మూడు గీతలు, మూడు ఎత్తులు, పక్కన తేదీ. అందులో వాదించడానికేముంది? ఆమె ఆయన చేతిలో పెన్సిలు పెట్టి, పడకగదిలోకి వెళ్ళింది.

నూనె సీసా తీసింది. జాకెట్టు విప్పింది. చెయ్యి అలవాటుగా తలుపు మీదకి పోయింది, ఆగింది. తలుపు అలాగే బార్లా తీసి ఉంది, దాని వెనక గీతలన్నీ మరుగైపోయాయి. వాటితో ఇంక పని లేదు. ఆమె వచ్చి వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కుడిచెయ్యి నెత్తి మీదకి ఎత్తి, ఎడంచేత్తో ఆ పొడుగాటి మచ్చ మీద, చంకలోంచి మధ్య ఎముక దాకా, నెమ్మదిగా నూనె రాయసాగింది. లేని చోట దురద పుట్టింది. పుట్టనీ అనుకుంది.

బయట బకెట్టు లేచిన చప్పుడైంది. ఈసారి ఈడ్పుడు లేదు. బాల్కనీకి దారి ఈ గదిలోంచే. అడుగులు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి. బకెట్టులోంచి నీళ్ళు నేల మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి. సారీ అంటాడేమోనని ఆమె వింటూ ఉంది. చెయ్యి మాత్రం దించలేదు.